పంటల ఛాయాచిత్రాలలో వర్ణ సవరణ: కర్నూలు, కడప మెట్ట నేలలలో రా ఫైళ్ల వినియోగం

సారాంశం

పోషక లోపాలను, తెగుళ్లను గుర్తించడంలో ఆకు రంగు ప్రధాన ఆధారం. అయితే కెమెరా చూపే రంగు ఆకుది మాత్రమే కాదు. వెలుగు, నేల రంగు, కెమెరా స్వయంచాలక నిర్ణయాలు అందులో కలిసి ఉంటాయి. కర్నూలు, కడప ప్రాంతాలలోని నల్లరేగడి, ఎర్ర నేలలలో ఈ కలయిక రెండు వేర్వేరు దిశలలో పొరపాటుకు దారితీస్తుంది. రా ఫైలులో ఛాయాచిత్రం తీయడం, బూడిద రంగు కార్డు ఆధారంగా తెలుపు సమతుల్యతను సరిచేయడం, కెమెరా ప్రొఫైలును వాడడం, సవరణలను నమోదు చేయడం ద్వారా ఈ పొరపాటును చాలావరకు తగ్గించవచ్చు. పరిశోధక విద్యార్థులు, విస్తరణ సిబ్బంది ఈ పద్ధతిని అభ్యసించవలసిన క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: రా ఫైలు, తెలుపు సమతుల్యత, బూడిద కార్డు, వేరుశనగ, ఇనుపధాతు లోపం, సున్నపు నేలలు

ఉపోద్ఘాతం

బనగానపల్లె, కొలిమిగుండ్ల, బేతంచెర్ల నాపరాళ్లు, ఎర్రగుంట్ల సున్నపురాయి గనులు ఈ ప్రాంతపు భూగర్భ స్వభావాన్ని చెబుతాయి. ఇటువంటి మాతృశిల నుండి ఏర్పడిన నేలలలో సున్నం ఎక్కువగా ఉన్నచోట ఉదజని సూచిక పెరిగి, నేలలో ఇనుము ఉన్నప్పటికీ మొక్కకు అందని రూపంలోకి మారుతుంది. వర్షం తరువాత కొద్దిరోజులు తేమ నిలిచినప్పుడు ఈ స్థితి మరింత తీవ్రమవుతుంది. అప్పుడు వేరుశనగ లేత ఆకులలో ఈనెలు ఆకుపచ్చగా ఉండి, ఈనెల మధ్య భాగం పసుపు రంగుకు మారుతుంది. లోపం ముదిరితే ఆకు పూర్తిగా తెల్లబడుతుంది.

నత్రజని లోపంలో ముదురు ఆకులు మొదట ఏకరీతిగా పాలిపోతాయి. గంధకం లోపంలో లేత ఆకులు ఈనెలతో సహా పాలిపోతాయి. ఈ మూడింటికీ నివారణ వేరు. ఇనుపధాతు లోపానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండుసార్లు పిచికారి చేయడం సిఫారసు. నత్రజని లోపమైతే యూరియా, గంధకం లోపమైతే జిప్సం వంటివి అవసరమవుతాయి. వర్షాధారంగా సాగుచేసే రైతుకు నేలలో పదును ఉండే రోజులు కొన్నే. ఇనుము అందక పసుపెక్కిన పైరుకు యూరియా వేస్తే ఖర్చు వృథా కావడమేకాక, పైరు కోలుకోవలసిన ఆ కొద్ది రోజులూ గడిచిపోతాయి.

నేడు రైతులు ఆకుల ఛాయాచిత్రాలను ఫోను ద్వారా కృషి విజ్ఞాన కేంద్రాలకు, శాస్త్రవేత్తలకు పంపి సలహా కోరుతున్నారు. పరిశోధన క్షేత్రాలలోనూ చికిత్సల మధ్య తేడాను చూపడానికి ఛాయాచిత్రాలు వాడుతున్నారు. కనుక ఛాయాచిత్రంలోని రంగు ఎంతవరకు నమ్మదగినది అనే ప్రశ్న కేవలం చిత్రకళకు సంబంధించినది కాదు. అది వ్యాధి నిర్ధారణకు, పరిశోధన నిజాయితీకి సంబంధించినది.

రా ఫైలు స్వభావం

కెమెరాలోని సెన్సారుకు స్వతహాగా రంగు తెలియదు. దానిపై పడే కాంతి పరిమాణం మాత్రమే తెలుస్తుంది. ప్రతి చిన్న గడిపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలలో ఒకదానిని అమర్చడం ద్వారా రంగు సమాచారం లభిస్తుంది. కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంటు పొందిన ఈ అమరికలో సగం గడులు ఆకుపచ్చవి, పావువంతు ఎరుపువి, పావువంతు నీలివి. సెన్సారు కొలిచిన ఈ విలువలను దాదాపు యథాతథంగా భద్రపరచినదే రా ఫైలు.

జేపెగ్ ఫైలు ఇందుకు భిన్నమైనది. కెమెరా తనంతట తానే వెలుగు స్వభావాన్ని ఊహించి, రంగులను సరిచేసి, కాంతి భేదాన్ని పెంచి, సమాచారాన్ని కుదించి జేపెగ్‌ను తయారుచేస్తుంది. ఇందులో ప్రతి రంగుకు 256 స్థాయిలు మాత్రమే మిగులుతాయి. 12 బిట్ల రా ఫైలులో 4096 స్థాయిలు, 14 బిట్ల ఫైలులో 16384 స్థాయిలు ఉంటాయి. జేపెగ్‌ను తరువాత సరిచేయబోతే కెమెరా అప్పటికే తీసుకున్న నిర్ణయాలను పూర్తిగా వెనక్కి తీసుకోలేము. రా ఫైలులో ఆ నిర్ణయం ఇంకా జరగలేదు కనుక పరిశోధకుడే ఆధారసహితంగా దానిని తీసుకోవచ్చు.

అడోబ్ సంస్థ 2004లో ప్రవేశపెట్టిన డీఎన్‌జీ రూపాన్ని నేడు అనేక ఫోన్లు కూడా ప్రొఫెషనల్ మోడ్‌లో అందిస్తున్నాయి. కాబట్టి ఈ పద్ధతికి ఖరీదైన కెమెరా తప్పనిసరి కాదు. రా ఫైళ్లను సవరించడానికి లైట్‌రూమ్ వంటి రుసుము చెల్లించే సాఫ్ట్‌వేర్లతో పాటు డార్క్‌టేబుల్, రాథెరపీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు అందుబాటులో ఉన్నాయి.

నల్లరేగడిలో, ఎర్ర నేలలో కెమెరా పొరపడే విధానం

కెమెరా స్వయంచాలక వ్యవస్థలో రెండు ఊహలున్నాయి. మొదటిది, దృశ్యపు సగటు కాంతి మధ్యస్థ బూడిద రంగుకు సమానమని. రెండవది, దృశ్యపు సగటు రంగు ఎటువైపూ మొగ్గకుండా తటస్థంగా ఉంటుందని. నేటి కెమెరాలు ఈ ఊహలకు అనేక మెరుగులు దిద్దినప్పటికీ మౌలిక ధోరణి అదే.

నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడిలో విత్తిన ముప్పై రోజుల పైరును పైనుండి తీసినప్పుడు చట్రంలో అధిక భాగం నల్లని నేలే ఉంటుంది. కెమెరా దానిని మధ్యస్థ బూడిదగా చూపడానికి చిత్రం మొత్తాన్ని వెలిగిస్తుంది. ఫలితంగా ఆరోగ్యకరమైన ఆకు కూడా పాలిపోయినట్లు కనిపిస్తుంది. వర్షం తరువాత తడిసిన నేల మరింత నల్లబడుతుంది కనుక ఈ దోషం ఇంకా పెరుగుతుంది. ఇనుపధాతు లోపం కనిపించేది కూడా అప్పుడే కావడంతో నిజమైన లక్షణాన్ని, కెమెరా కల్పించిన లక్షణాన్ని వేరుచేయడం కష్టమవుతుంది.

పత్తికొండ, డోన్ ప్రాంతపు ఎర్ర నేలలలో దోషం మరొక విధంగా ఉంటుంది. చట్రంలో ఎరుపు అధికంగా ఉండడాన్ని కెమెరా వెలుగులోని దోషంగా భావించి, చిత్రాన్ని నీలి, ఆకుపచ్చ వైపు నెడుతుంది. అప్పుడు పసుపెక్కిన ఆకు ఉన్నదానికంటే పచ్చగా కనిపించవచ్చు. దీనికి తోడు ఎర్ర నేలపై పడి పైకి తిరిగివచ్చే వెలుగు ఆకుల అడుగుభాగాన్ని ఎరుపెక్కిస్తుంది.

మూడవ సందర్భం దగ్గరనుండి తీసే చిత్రాలది. లోపంతో ఉన్న ఆకులే చట్రమంతా నిండినప్పుడు కెమెరా ఆ పసుపునే దోషంగా ఎంచి కొంతమేర తొలగిస్తుంది. అంటే లోపాన్ని స్పష్టంగా చూపడానికి ఎంత దగ్గరకు వెళితే, స్వయంచాలక సవరణ ఆ లోపాన్ని అంతగా దాచే అవకాశం ఉంది.

తెలుపు సమతుల్యత: ఒక సరళ గణన

వెలుగు స్వభావాన్ని కెల్విన్ ప్రమాణంలో వర్ణ ఉష్ణోగ్రతగా చెబుతారు. మధ్యాహ్నపు ఎండ సుమారు 5500, మేఘావృత ఆకాశం సుమారు 6500, నిర్మలాకాశం కింది నీడ 7000 నుండి 8000 కెల్విన్ వరకు ఉంటాయి. సంఖ్య పెరిగేకొద్దీ వెలుగులో నీలం పాలు పెరుగుతుంది. మానవ నేత్రం ఈ మార్పుకు సర్దుకుంటుంది కనుక చూసేవారికి అది తెలియదు. సెన్సారు మాత్రం ఉన్నది ఉన్నట్లు నమోదు చేస్తుంది.

ఉదాహరణకు ఎండలో ఉంచిన బూడిద కార్డు నుండి రా ఫైలులో ఎరుపు 2000, ఆకుపచ్చ 4000, నీలం 2500 విలువలు వచ్చాయనుకొందాం. కార్డు తటస్థమైనది కాబట్టి మూడు విలువలూ సమానం కావాలి. అందుకు ఎరుపును 2.0తో, నీలాన్ని 1.6తో గుణించాలి. అదే కార్డు చెట్టు నీడలో ఎరుపు 1600, ఆకుపచ్చ 4000, నీలం 3200 ఇస్తే గుణకాలు వరుసగా 2.5, 1.25 అవుతాయి.

ఇప్పుడు నీడలో తీసిన చిత్రానికి పొరపాటున ఎండ గుణకాలను వాడితే కార్డు విలువలు ఎరుపు 3200, ఆకుపచ్చ 4000, నీలం 5120గా మారతాయి. అంటే ఎరుపు 20 శాతం తగ్గింది, నీలం 28 శాతం పెరిగింది. సరైన సవరణలో ఎరుపు 0.40, ఆకుపచ్చ 0.45 విలువలు చూపవలసిన పసుపు ఆకు ఇప్పుడు ఎరుపు 0.32, ఆకుపచ్చ 0.45 చూపుతుంది. ఎరుపు, ఆకుపచ్చల నిష్పత్తి 0.89 నుండి 0.71కి పడిపోతుంది. పసుపు రంగు అనేది ఎరుపు, ఆకుపచ్చలు దాదాపు సమానంగా ఉండడం వలన కలిగే అనుభూతి కనుక, ఆకు పచ్చదనం వైపు జరిగినట్లు కనిపిస్తుంది. ఇవి విధానాన్ని తెలియజేయడానికి తీసుకున్న అంకెలే అయినా, ఆకు మారకుండానే నిర్ధారణ మారగలదని ఈ లెక్క చూపుతుంది.

క్షేత్రంలో పాటించవలసిన అంశాలు

సవరణ సాఫ్ట్‌వేరులో కాదు, పొలంలోనే మొదలవుతుంది. ప్రమాణం లేని చిత్రాన్ని ఎంత నైపుణ్యంతో సవరించినా అది ఊహే అవుతుంది.

1. ప్రతి వరుస చిత్రాలలో మొదటి దానిలో బూడిద కార్డును ఆకు పక్కనే, ఆకు ఉన్న వాలులోనే ఉంచాలి. ఆకుపై ఎండ పడుతూ కార్డు నీడలో ఉంటే ప్రయోజనం లేదు.

2. వెలుగు మారిన ప్రతిసారీ, అనగా మబ్బు కమ్మినా, స్థలం మారినా, కార్డుతో మరొక చిత్రం తీయాలి.

3. వీలైనచో 24 రంగుల కలర్ చెకర్ పట్టికను కూడా చేర్చాలి. 1976లో ప్రచురితమైన ఈ పట్టికలో తెలుపు నుండి నలుపు వరకు ఆరు తటస్థ గడులతో పాటు పత్రహరిత వర్ణాన్ని పోలిన గడి ఒకటి ఉంది. పంటల చిత్రాలకు ఇది ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది.

4. వెలుగు పరిమాణాన్ని కార్డు ఆధారంగా నిర్ణయించి, మాన్యువల్ మోడ్‌లో స్థిరపరచాలి. దీనితో నల్లరేగడి కలిగించే దోషం తొలగుతుంది.

5. నడి ఎండలో ఆకు మెరుపు రంగును కప్పివేస్తుంది. ఆకుకు నీడ పట్టవలసివస్తే నల్లని లేదా తెల్లని గొడుగునే వాడాలి. రంగు గొడుగు తన రంగునే ఆకుపై పరుస్తుంది. ముదురు ఎరుపు, పసుపు దుస్తులు ధరించి ఆకుకు దగ్గరగా నిలబడడం కూడా తగదు.

6. ఒకే ఆకు చిత్రంతో సరిపెట్టకుండా మొక్క మొత్తాన్ని, లేత ఆకులను, ముదురు ఆకులను, మడి మొత్తాన్ని వేర్వేరుగా తీయాలి.

వరిలో నత్రజని యాజమాన్యానికి వాడే ఆకు రంగుల పట్టికను ఇక్కడ స్మరించుకోవచ్చు. కర్నూలు–కడప కాలువ కింద వరి పండించే రైతుకు ఆ పట్టికను ఉపయోగించేటప్పుడు ఆకుపై నేరుగా ఎండ పడకుండా తన నీడలో ఉంచి పోల్చమని చెబుతారు. వెలుగు ఒకటే అయినప్పుడే పోలిక చెల్లుతుంది. కెమెరా విషయంలోనూ సూత్రం అదే.

సాఫ్ట్‌వేరులో సవరణ క్రమం

సాఫ్ట్‌వేరు ఏదైనా క్రింది క్రమం వర్తిస్తుంది. క్రమం మారితే ముందు చేసిన సవరణను తరువాతిది చెడగొడుతుంది.

మొదటి దశలో సాఫ్ట్‌వేరు తనంతట తాను చేర్చే అలంకారాలను తొలగించాలి. రాథెరపీలో న్యూట్రల్ ప్రొఫైలును ఎంచుకోవడం దీనికి తేలికైన మార్గం. ఇతర సాఫ్ట్‌వేర్లలో ఆటో సవరణలను, వివిడ్, ల్యాండ్‌స్కేప్ వంటి శైలులను నిలిపివేయాలి. ల్యాండ్‌స్కేప్ శైలి ఆకుపచ్చను గాఢం చేయడానికే రూపొందినది. పోషక లోపాల చిత్రాలకు అంతకంటే హాని చేసేది లేదు.

రెండవ దశలో తెలుపు సమతుల్యత పరికరంలోని డ్రాపర్‌తో బూడిద కార్డుపై నొక్కాలి. తరువాత కార్డుపై చూపును ఉంచి మూడు రంగుల విలువలూ సమానమయ్యాయో లేదో సంఖ్యలలో చూడాలి. డార్క్‌టేబుల్‌లో కలర్ క్యాలిబ్రేషన్ మాడ్యూల్ ఈ పని చేస్తుంది. ఆ మాడ్యూల్ వాడినప్పుడు వైట్ బ్యాలెన్స్ మాడ్యూల్‌ను విడిగా మార్చరాదు. రెండూ ఒకే పనిని రెండుసార్లు చేస్తాయి.

మూడవ దశలో ఎక్స్‌పోజర్‌ను సరిచేయాలి. 18 శాతం కాంతిని ప్రతిఫలించే బూడిద కార్డు విలువ ల్యాబ్ ప్రమాణంలో ప్రకాశం సుమారు 50గా, మిగిలిన రెండు అక్షాలపై సున్నాకు దగ్గరగా ఉండాలి. ఎస్‌ఆర్‌జీబీ విలువలలో అయితే మూడు రంగులూ సుమారు 118 చూపాలి. హిస్టోగ్రామ్ కుడి అంచుకు గుద్దుకుంటే కాంతి మితిమీరినట్లు. ఎండుమిరప, పసుపు కొమ్ములు, కృష్ణాపురం ఉల్లి వంటి గాఢవర్ణ ఉత్పత్తుల చిత్రాలలో మొత్తం చిత్రం సరిగానే ఉన్నా ఒక్క ఎరుపు విలువే గరిష్ఠాన్ని తాకి నిలిచిపోవచ్చు. అప్పుడు నాణ్యతలోని భేదాలు ఆ ప్రాంతంలో మాయమవుతాయి. కనుక మూడు రంగుల హిస్టోగ్రామ్‌లనూ విడివిడిగా పరిశీలించాలి.

నాలుగవ దశలో కెమెరా ప్రొఫైలును వర్తింపజేయాలి. తెలుపు సమతుల్యత తటస్థ రంగులను మాత్రమే సరిచేస్తుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపులను ఒక్కో కెమెరా ఒక్కో తీరున చూపుతుంది. 24 రంగుల పట్టిక చిత్రం నుండి ఆ కెమెరాకు, ఆ వెలుగుకు తగిన ప్రొఫైలును తయారుచేసి వాడితే ఈ భేదం తగ్గుతుంది. ఒక మడిని ఒక కెమెరాతో, మరొక మడిని వేరొక ఫోనుతో తీసిన సందర్భాలలో ఈ దశ అనివార్యం.

ఐదవ దశలో అవే సవరణలను ఆ వెలుగులో తీసిన వరుసలోని అన్ని చిత్రాలకూ నకలు చేయాలి. ఒక్కో చిత్రాన్ని కంటికి నచ్చినట్లు విడిగా దిద్దరాదు.

చివరగా కొలతలకు వాడే చిత్రాలను 16 బిట్ల టిఫ్ రూపంలోను, ప్రచురణకు, సందేశాలకు వాడే వాటిని ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైలుతో జేపెగ్ రూపంలోను భద్రపరచాలి. ఈ సాఫ్ట్‌వేర్లు రా ఫైలును మార్చవు. డార్క్‌టేబుల్, రాథెరపీ వంటివి సవరణలను విడిగా ఒక చిన్న అనుబంధ ఫైలులో రాస్తాయి. ఆ అనుబంధ ఫైలును కూడా రా ఫైలుతో పాటు దాచాలి. ఏ చిత్రానికి ఏమి చేశారో చెప్పే రికార్డు అదే.

సవరణకు, అలంకరణకు మధ్య హద్దు

సాచురేషన్, వైబ్రెన్స్, ఒక్కో రంగును విడిగా మార్చే స్లైడర్లు, ఎంపిక చేసిన భాగానికి మాత్రమే వర్తించే స్థానిక సవరణలు ఈ సాఫ్ట్‌వేర్లలో ఆకర్షణీయంగా కనిపిస్తాయి. క్యాలెండరు చిత్రానికి అవి తగినవే. కాని పరిశోధన చిత్రంలో వాటికి చోటు లేదు. కారణం స్పష్టం. తెలుపు సమతుల్యతకు బయట ఒక ప్రమాణం ఉంది, అది బూడిద కార్డు. సాచురేషన్ స్లైడరుకు అటువంటి ప్రమాణం లేదు, సవరించేవారి ఇష్టమే దానికి కొలత.

కాంతి భేదాన్ని పెంచే టోన్ కర్వ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇనుము, గంధకం లోపాల మధ్య భేదం ఈనెలు పచ్చగా మిగిలాయా లేదా అనే దానిపై ఆధారపడి ఉంది. కర్వ్‌ను నిటారుగా మార్చితే లేని ఈనె భేదం ఏర్పడినట్లు, చదును చేస్తే ఉన్న భేదం పోయినట్లు కనిపిస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పత్తిలో ఆకు ఎర్రబడడానికి మెగ్నీషియం లోపం ఒక కారణం, పచ్చదోమ మరొక కారణం. మొదటి దానిలో ముదురు ఆకుల ఈనెల మధ్య భాగం ఎర్రబడి ఈనెలు పచ్చగా మిగులుతాయి. రెండవ దానిలో అంచులు పసుపెక్కి, ఎర్రబడి ఆకు కిందకు ముడుచుకుంటుంది. ఎరుపు స్లైడరును పెంచితే ఈ రెండు చిత్రాలూ ఒకే తీరుగా మారిపోతాయి.

సవరణ ఎంత సక్రమంగా ఉన్నా అది నిర్ధారణకు సహాయకారి మాత్రమే. లక్షణం లేత ఆకులలో మొదలైందా, ముదురు ఆకులలోనా అన్న పరిశీలన రంగు కంటే నమ్మదగినది. సందేహం ఉన్నచోట నేల పరీక్ష, ఆకు విశ్లేషణ తప్పనిసరి.

రైతులు పంపే చిత్రాల విషయంలో

రైతు నుండి రా ఫైలును ఆశించలేము. సందేశాల ద్వారా వచ్చే చిత్రం కుదించిన జేపెగ్ రూపంలో ఉంటుంది. అయినప్పటికీ విస్తరణ సిబ్బంది మూడు సూచనలు ఇవ్వవచ్చు. ఆకు పక్కన ఒక తెల్ల కాగితాన్ని ఉంచి తీయమనడం మొదటిది. కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనాల వలన అది ఎండలో కొంత నీలంగా కనిపించవచ్చు, కాబట్టి బూడిద కార్డుకు సమానం కాదు. కాని కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే చిత్రంలోని రంగును నమ్మరాదని వెంటనే తెలుస్తుంది. అదే వెలుగులో, అదే చట్రంలో ఒక ఆరోగ్యకరమైన ఆకును లోపమున్న ఆకు పక్కన ఉంచమనడం రెండవది. కెమెరా పొరపడినా రెండు ఆకుల విషయంలోనూ ఒకే విధంగా పొరపడుతుంది, తేడా మాత్రం నిలుస్తుంది. మొక్క మొత్తం కనిపించేలా మరొక చిత్రం పంపమనడం మూడవది.

అభ్యాస క్రమం

స్నాతకోత్తర విద్యార్థులకు, విస్తరణ సిబ్బందికి క్రింది అభ్యాసాన్ని సూచించవచ్చు. వేరుశనగ మొక్కలో ఒక ఆకును గుర్తించి, దానిని కోయకుండా ఒకే రోజు ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, సాయంత్రం 5 గంటలకు బూడిద కార్డుతో, రంగుల పట్టికతో రా, జేపెగ్ రూపాలు రెండింటిలో తీయాలి. అదే పనిని నల్లరేగడి మడిలో, ఎర్ర నేల మడిలో చేయాలి. రా ఫైళ్లను పై క్రమంలో సవరించిన తరువాత ఆకుపై ఒకే స్థానంలో ల్యాబ్ విలువలను నమోదు చేయాలి.

సీఐఈ సంస్థ 1976లో సిఫారసు చేసిన ల్యాబ్ ప్రమాణంలో రెండు రంగుల మధ్య దూరాన్ని డెల్టా ఈ అంటారు. మూడు అక్షాలపై తేడాల వర్గాలను కూడి, వర్గమూలం తీస్తే అది లభిస్తుంది. సుమారు 2.3 కంటే తక్కువ దూరాన్ని సాధారణంగా కన్ను గుర్తించలేదు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం తీసిన జేపెగ్ చిత్రాల మధ్య డెల్టా ఈ, సవరించిన రా చిత్రాల మధ్య డెల్టా ఈ పక్కపక్కన రాసి చూస్తే సవరణ విలువ అభ్యాసకునికి తానుగా బోధపడుతుంది. సవరణ సక్రమంగా ఉంటే రెండవ వరుస సంఖ్యలు మొదటి వాటికంటే తగ్గాలి. తగ్గనిచో కార్డు వాలులోనో, నీడలోనో దోషం వెతకాలి.

ఈ అభ్యాసం చేసేటప్పుడు కంప్యూటరు తెరను మధ్యస్థ కాంతిలో ఉంచి, గదిలో రంగు దీపాలు లేకుండా చూడాలి. ఎరుపు, ఆకుపచ్చల భేదాన్ని సరిగా గుర్తించలేని కంటి లోపం పురుషులలో కొందరికి ఉంటుంది. అటువంటివారు సంఖ్యల ఆధారంగా ఈ పనిని ఎవరికీ తీసిపోకుండా చేయగలరు.

ముగింపు

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి కేంద్రాలలో ఏటా జరిగే ప్రయోగాల చిత్రాలు పదేళ్ల తరువాత కూడా పోల్చి చూడదగినవిగా ఉండాలి. ఈనాటి చిత్రంలోని పసుపు ఆకుదా, వెలుగుదా అని భావి పరిశోధకుడు సందేహించే స్థితి రాకూడదు. కావున పరిశోధన, విస్తరణ విభాగాలు క్షేత్ర ఛాయాచిత్రాలకు క్రింది కనీస నియమాలను పాటించడం శ్రేయస్కరం: రా రూపంలో తీయడం, ప్రతి వరుసలో బూడిద కార్డును చేర్చడం, చికిత్సలన్నింటికీ ఒకే సవరణను వర్తింపజేయడం, సాచురేషన్‌ను, స్థానిక సవరణలను వాడకపోవడం, అసలు ఫైలును సవరణ వివరాలతో భద్రపరచడం, ప్రచురించిన చిత్రం కింద సవరణను ఒక వాక్యంలో పేర్కొనడం. ఒక కార్డు, ఉచిత సాఫ్ట్‌వేరు, కొద్దిపాటి క్రమశిక్షణ తప్ప దీనికి మరే పెట్టుబడి అవసరం లేదు. వర్షాధార రైతుకు చేరే సలహా సరైనదిగా ఉండడానికి ఇది చిన్న శ్రమే.